ఆ గదిలో గాజు పెంకులు ఎవరు ఊడ్చారు?

ప్రశ్న: "హౌస్" అనే అమెరికా మెడికల్ సీరియల్ ఏడో సీజన్ చివరి ఎపిసోడ్ మొన్న మా వారితో కలిసి చూశాను. డాక్టర్ హౌస్ తనతో విడిపోయిన కడీ ఇంట్లోకి, నేరుగా డైనింగ్ గదిలోకి కారు నడిపేస్తాడు. మా వారు నవ్వి, "వాడంతే, కథే కదా" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడు సీజన్ల నుంచి నాకు బాగా ఇష్టమైన పాత్ర అది. తలుపు గట్టిగా వేసిన చప్పుడుకే ఉలిక్కిపడే మనిషిని, అందుకని ఎక్కువగా ఆలోచిస్తున్నానా? పద్నాలుగేళ్ల మా అబ్బాయి కూడా చూస్తానంటున్నాడు. చూడనివ్వాలా? నేను ఎనిమిదో సీజన్ మొదలుపెట్టాలా, ఇక్కడితో ఆపేయాలా?

సమాధానం:

నేను 27 ఏళ్లు నర్సుగా చేశాను. మొదట ఎమర్జెన్సీలో, తర్వాత సైకియాట్రీ వార్డులో. ఆఖరి ఎనిమిదేళ్లూ, కోపం వల్ల కాపురమో ఉద్యోగమో పోగొట్టుకుని వచ్చినవాళ్లతో గ్రూపులు నడపడమే నా పని. దెబ్బలు తిన్నవాళ్లకు కట్లు కట్టాను, కొట్టినవాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పేదీ విన్నాను. డ్యూటీలో నాకూ రెండుసార్లు పడ్డాయి. పైగా మెడికల్ సీరియల్స్ అంటే పిచ్చి. నాతో కలిసి చూడ్డానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. "ట్యూబ్ అలా వేయరు, మాస్క్ ఏదీ" అని ప్రతి సీన్‌కీ గొణుగుతుంటాను మరి.

మీరు ఎక్కువగా ఆలోచించడం లేదు. అయితే మీ నిద్ర చెడగొట్టింది హింస ఒక్కటే అని నాకు అనిపించడం లేదు. అదే సీరియల్లో పుర్రెలు కోశారు, రక్తం చిమ్మింది, రెండో సీజన్ చివర్లో ఒకడు ఆఫీసులోకి వచ్చి హౌస్‌ని తుపాకీతో కాల్చాడు కూడా. వాటన్నిటినీ చూసి మీరు హాయిగానే పడుకుని ఉంటారు. ఈ కారు సీన్‌లో తేడా ఏమిటో చూద్దాం.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ ఎపిసోడ్ 2011 మే 23న వచ్చింది. హౌస్ చేతిలో కడీ తల దువ్వుకునే బ్రష్ ఉంటుంది, తిరిగి ఇచ్చేద్దామని ఆమె ఇంటికి వెళతాడు. కిటికీలోంచి చూస్తే లోపల ఆమె ఇంకో మగవాడితో, తన వాళ్లతో కలిసి బల్ల దగ్గర కనిపిస్తుంది. వెనక్కి వచ్చి కారెక్కుతాడు, వేగం పెంచి గోడ పగలగొట్టుకుని లోపలికి దూసుకెళతాడు. కారు దిగి, శిథిలాల మధ్య నిలబడి ఆ బ్రష్ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. చివరి దృశ్యంలో అతను ఎక్కడో సముద్రపు ఒడ్డున, ఎండలో తేలిగ్గా నడుస్తుంటాడు. ముఖంలో ప్రశాంతత.

ఇప్పుడు చెప్పండి, గోడ కూలాక కెమెరా ఎవరి వెంట వెళ్లింది? అతని వెంట. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏమైందో మనకు తెలియదు. ఆవిడకో చిన్న కూతురుంది. ఆ పిల్లని ఆ రాత్రి ఎక్కడ పడుకోబెట్టారు? గాజు పెంకులు ఎవరు ఊడ్చారు? మళ్లీ ఆ బల్ల దగ్గర, ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చోవడానికి ఆవిడకు ఎన్నాళ్లు పట్టింది? ఎమర్జెన్సీలో పనిచేసినదాన్ని కాబట్టి నాకు ముందు తట్టేవి ఈ ప్రశ్నలే. సీరియల్‌కు ఇవేవీ పట్టలేదు.

నిజానికి పట్టించుకునే వీలు కూడా లేకుండా పోయింది. కడీగా వేసిన లీసా ఎడెల్‌స్టీన్ ఆ సీజన్ అయ్యాక సీరియల్ నుంచి తప్పుకుంది. అది కథకు సంబంధించిన సంగతి కాదు, తెర వెనక వ్యవహారం. కానీ ఫలితం చూడండి. 2011 అక్టోబరులో ఎనిమిదో సీజన్ మొదలయ్యేసరికి హౌస్ జైల్లో ఉంటాడు. జైలు ఉంది, శిక్ష ఉంది, అంటే తప్పుకు తగిన ఫలితం చూపించారు కదా అని వాదించవచ్చు. చూపించారు, కాదనను. కాకపోతే శిక్ష కూడా హీరో కథగానే మారింది. జైల్లో అతని తెలివి, అతని కష్టం, అతని విడుదల. తర్వాత అదే ఆసుపత్రికి తిరిగి వస్తాడు. ప్రాణ స్నేహితుడు విల్సన్ అతని ముఖం మీద ఒక్కటి గుద్ది, దాంతో చెల్లుకు చెల్లు అన్నట్టు మళ్లీ కలిసిపోతాడు. ఆ సీన్‌కి నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. తర్వాతే అనుకున్నాను, ఇక్కడ రాజీ కుదిరింది ఇద్దరు మగవాళ్ల మధ్య, అది కూడా ఇంకో దెబ్బతో. ఎవరి ఇల్లు కూలిందో ఆ మనిషి ఆ రాజీలో ఎక్కడా లేదు.

ఇది ఈ ఒక్క సీరియల్ జబ్బే కాదు. అమెరికాలో 1990ల మధ్యలో టీవీ హింస మీద మూడేళ్ల పాటు పెద్ద అధ్యయనం ఒకటి చేశారు, వేల గంటల కార్యక్రమాలు రికార్డు చేసి లెక్కగట్టారు. మొదటి ఏడాది లెక్కల్లో, హింస ఉన్న సీన్లలో 73 శాతం చోట్ల చేసినవాడికి ఆ సీన్‌లో శిక్షే లేదు. హింసాత్మక ఘటనల్లో 58 శాతం చోట్ల దెబ్బ తిన్నవాళ్ల నొప్పి అసలు చూపించలేదు. నాకు రెండో అంకె ముఖ్యం. ఎంత కొట్టారన్నదాని కంటే, కొట్టాక నొప్పి ఎవరికి పుట్టిందో దాచేయడమే ఎక్కువ ఇబ్బంది.

"వాడంతే" అన్నారు మీ వారు. ఈ మాట నేను వార్డుల్లో, గ్రూపుల్లో, పెళ్లిళ్లలో కొన్ని వందల సార్లు విని ఉంటాను. మనలో దీనికి ఇంకో రూపం ఉంది: "కోపిష్టే గానీ మనసు వెన్న." ఈ వాక్యంలో గమ్మత్తేమిటంటే, కోపమే మంచి మనసుకు రుజువైపోతుంది. లోపల ఏమీ దాచుకోడు, పైకి అనేస్తాడు, నిజాయితీపరుడు. హౌస్ పాత్ర నిలబడ్డది ఈ పునాది మీదే. కాలునొప్పి, మాత్రల వ్యసనం, ఎవరూ పట్టలేని రోగాన్ని పట్టే బుర్ర. ఇన్ని ఉన్నాక కోపం అతని గుణంలా కాకుండా అతని గాయంలా కనిపిస్తుంది. గాయపడ్డవాణ్ణి చూసి జాలిపడతాం. జాలి అంతా అటే ఖర్చయిపోతే, కారు కింద ఎవరున్నారో చూడ్డానికి ఏమీ మిగలదు.

నా గ్రూపుల్లో మొదటి వారం ప్రతివాడూ ఒకే మాట చెప్పేవాడు. "ఆ టైంలో నాకు ఒళ్లు తెలియదు సిస్టర్." నేను వాదించేదాన్ని కాదు. మామూలుగా ఒక ప్రశ్న వేసేదాన్ని: "ఆ రోజు ఆఫీసులో మీ పై అధికారి మీద కూడా కోపం వచ్చిందన్నారు కదా, ఆయన టేబుల్ ఎందుకు తన్నలేదు?" కాసేపు నిశ్శబ్దం. ఎవరో ఒకరు నవ్వేవారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాడికి అత్త ఎవరో, దుత్త ఏదో తెలుసు. పగిలిన వస్తువులు ఎవరివి అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: ఆవిడవి. ఆవిడ ఫోన్, ఆవిడకు వాళ్లమ్మ ఇచ్చిన అద్దం. అతని ఫోన్ పగిలిన సందర్భం నా పాతికేళ్ల పైబడిన సర్వీసులో ఒక్కటే గుర్తుంది, అదీ జారి పడిందట.

అమెరికాలోని డులుత్ అనే ఊళ్లో గృహహింస మీద పనిచేసేవాళ్లు 1984లో, హింసకు గురైన స్త్రీలు చెప్పిన విషయాలతో ఒక చక్రం బొమ్మ తయారు చేశారు. అధికారం, అదుపు మధ్యలో ఉంటాయి. చుట్టూ బెదిరింపు, ఒంటరిని చేయడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం లాంటివి ఆకుల్లా ఉంటాయి. బెదిరింపు అన్న చోట ఏముందో తెలుసా? చూపులతో, చేతలతో భయపెట్టడం, వస్తువులు పగలగొట్టడం, ఆమె ఆస్తిని నాశనం చేయడం. ఒంటి మీద చెయ్యి వేయకుండానే "నీకిది కూడా జరగవచ్చు" అని చెప్పే పద్ధతి అది. ఇంట్లోకి కారు తోలడానికి ఇంతకంటే సరిపోయే పేరు నాకు కనిపించదు. ఆ చక్రాన్ని విమర్శించేవాళ్లూ ఉన్నారు, అన్ని జంటలకూ అతకదని. సరే. ఈ సీన్‌కి మాత్రం అచ్చంగా అతుకుతుంది.

ఇంకో సంగతి, ఈ రంగంలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు: హింసించే మనిషితో విడిపోయే సమయం, విడిపోయిన తర్వాతి నెలలు చాలా ప్రమాదకరం. ఆమె కిటికీ అవతల ఇంకొకరితో కనిపించడం, అతను చూడటం, వాహనం. సీరియల్ రాసినవాళ్లు దాన్ని గుండె పగిలిన మేధావి వెర్రి చేష్టగా రాశారు. ఎమర్జెన్సీలో మేం అదే కథను వేరే కాగితం మీద, వేరే మాటల్లో రాస్తాం. మీ ఒళ్లు గుర్తుపట్టింది ఆ రెండో కాగితాన్ని. అందుకే నిద్ర పట్టలేదు.

ఆ సముద్రపు ఒడ్డు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు కారు కంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే. కోపం కడుపులో పెట్టుకుంటే జబ్బు చేస్తుంది, బయటికి కక్కేస్తే తేలికవుతుంది అని అందరం నమ్ముతాం. ప్రెషర్ కుక్కర్ లెక్క. సీరియల్ కూడా అదే చెప్పింది: కక్కేశాడు, శాంతించాడు. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో అచ్చయిన ప్రయోగంలో దీన్ని పరీక్షించాడు. 600 మంది కాలేజీ విద్యార్థులు. ముందు వాళ్లు రాసిన వ్యాసాన్ని ఎవరో దారుణంగా తిట్టినట్టు చూపించి కోపం తెప్పించారు. కొందరిని, తిట్టిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. అందరికంటే ఎక్కువ కోపంతో మిగిలింది, తిట్టినవాణ్ణి తలుచుకుంటూ గుద్దినవాళ్లే. అవకాశం ఇస్తే ఎక్కువగా దెబ్బ తీయాలని చూసిందీ వాళ్లే. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లలో ఆ దూకుడు అన్నిటికంటే తక్కువ.

నా అనుభవంలో అసలు ఉచ్చు ఎక్కడుందంటే, పగలగొట్టిన మరుక్షణం నిజంగానే కొంచెం తేలికవుతుంది. అబద్ధం కాదు. గ్రూపులో ఒకాయన, మెకానిక్, "గ్రీజు పట్టిన బోల్టు ఊడొచ్చినట్టుంటుంది సిస్టర్" అన్నాడు. ఆ ఒక్క క్షణం సుఖమే మళ్లీ అదే పని చేయిస్తుంది, సిగరెట్ లాగా. సీరియల్ ఆ క్షణాన్ని పట్టుకుని దానికి సముద్రం, ఎండ, సంగీతం జోడించింది. రెండు గంటల తర్వాత వచ్చే సిగ్గు, భయం, పోలీసు ఫోన్, "పిల్లలు నన్ను చూసి పక్క గదిలోకి పోయారు" అని ఏడ్వడం, ఇవన్నీ కత్తిరించేసింది.

మీరు కారు గురించే అడిగారు గానీ, డాక్టర్ల సీరియల్లో నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే కోపం ఆసుపత్రి లోపలిది. మూడో సీజన్‌లో, 2006 నవంబరులో వచ్చిన ఎపిసోడ్ గుర్తుందా? చిన్నపిల్ల చెయ్యి, కాలు తీసేయడానికి సిద్ధమవుతుంటారు. అసలు రోగం ఏమిటో కింద పనిచేసే చేజ్‌కి తడుతుంది. చెప్పడానికి వస్తాడు. మాత్రలు అందక ఒళ్లు మండిపోతున్న హౌస్ అతని ముఖం మీద గుద్దుతాడు. నేలమీద పడిన చేజ్ అక్కణ్ణుంచే రోగం పేరు చెబుతాడు, పిల్ల చెయ్యీ కాలూ దక్కుతాయి. గొప్ప సీన్. నటన కూడా గొప్పగా ఉంటుంది. కానీ నేను చూసిన ఆసుపత్రుల్లో గుద్దు తిన్నవాడు అలా పడుకుని రోగం పేరు చెప్పడు. లేచి వెళ్లిపోతాడు. తర్వాతిసారి అనుమానం వచ్చినా చెప్పడానికి రాడు.

ఊహించి చెబుతున్నది కాదు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఐసీయూల్లో పనిచేసే 24 బృందాలతో ఒక ప్రయోగం చేశారు, 2015లో పిల్లల వైద్యానికి సంబంధించిన పత్రికలో వచ్చింది. బొమ్మ శిశువు మీద అత్యవసర పరిస్థితి అభ్యాసం. కొన్ని బృందాలతో బయటి నుంచి వచ్చిన నిపుణుడు మామూలుగా మాట్లాడాడు. మిగతా బృందాలతో మాత్రం అక్కడి వైద్యం గురించి చులకనగా మాట్లాడాడు, అంతే. కొట్టలేదు, అరవలేదు. చులకన చేయించుకున్న బృందాలు రోగాన్ని గుర్తించడంలోనూ, చేతిపనిలోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. వట్టి మాటకే ఇంత జరిగితే పిడిగుద్దుకు ఏం జరుగుతుందో లెక్కేసుకోండి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2008 జులైలోనే హెచ్చరిక జారీ చేసింది, బెదిరించే, అవమానించే ప్రవర్తన వైద్యంలో పొరపాట్లకు దారితీస్తుందని. అప్పటికి హౌస్ సీరియల్ మంచి ఊపులో ఉంది.

నేను పనిచేసిన ఒక చోట పెద్ద సర్జన్ ఉండేవాడు, చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. ఒకసారి ట్రే నా చెవి పక్క నుంచి వెళ్లి గోడకు తగిలింది. నేను ఆ రోజు వంగి సామాన్లు ఏరుకుని, మళ్లీ కడిగించి పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. పాలిచ్చే ఆవు తన్నినా పడాలి అన్నట్టుండేది అక్కడ. దాని ఫలితం ఏమిటో రాత్రి డ్యూటీల్లో తెలిసేది. ఆయన పేషెంటుకు బీపీ పడిపోతుంటే ఫోన్ చేయడానికి చిన్న నర్సులు వణికిపోయేవారు. "ఇంకో అరగంట చూద్దాం అక్కా" అనేవారు. ఆ అరగంటలు ఏ కేసు షీట్లోనూ ఉండవు. సీరియల్లో మేధావి కోపం ప్రాణాలు కాపాడుతుంది. మా వార్డులో అది ఫోన్ మోగకుండా చేసింది.

ఇక "కథే కదా" అన్న మాట. కథలు ఊరికే పోవు. 1996లో అమెరికా ప్రఖ్యాత వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మూడు టీవీ కార్యక్రమాల 97 ఎపిసోడ్లు చూసి, గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ప్రాణం పోసే సీన్లను లెక్కబెట్టారు. టీవీలో 75 శాతం మంది అప్పటికప్పుడు బతికారు. నిజ జీవితంలో బతికేవాళ్లు అంతకంటే చాలా తక్కువ. ఆ తేడా నాకు కాగితం మీద తెలియలేదు, మంచం పక్కన తెలిసింది. "ఇంకోసారి షాక్ ఇవ్వండి, లేస్తాడు" అని నా చేతులు పట్టుకున్నవాళ్లకు ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గుండె విషయంలో టీవీ అంత నేర్పితే, కోపం విషయంలో ఏమీ నేర్పకుండా ఉంటుందా?

అలాగని కోపం, దెబ్బలు చూపించవద్దని నేను అనను. చూపించకపోతే అదింకో అబద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తింటున్నారు. 2025లో వచ్చిన "ది పిట్" సీరియల్లో ఇది ఉంది. పిట్స్‌బర్గ్‌లోని ఒక ఎమర్జెన్సీ, ఒకే షిఫ్ట్, ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట. గంటల కొద్దీ కూర్చోబెట్టారని మండిపడ్డ ఒక పేషెంటు, కాసేపు బయట నిలబడ్డ హెడ్ నర్సు డేనా ముఖం మీద గుద్దుతాడు. ఆ తర్వాత ఏముందో చూడండి. గంట గంటకూ కథ నడుస్తుంది కాబట్టి ఆ ముఖాన్ని వాళ్లు మాయం చేయలేరు. వాచిన కన్నుతోనే ఆమె పని చేస్తుంది, ప్రతి సీన్‌లో అది మనకు కనిపిస్తుంది. షిఫ్ట్ చివర తన బల్ల దగ్గర పెట్టుకున్న ఫొటోలు తీసుకుని వెళ్లిపోతుంది. గుద్దు పడ్డది ఒక్క క్షణం, దాని బరువు మాత్రం మిగతా గంటలన్నిటి మీదా ఉంటుంది. అది చూసి నేను ఏడ్చాను గానీ నిద్ర బాగానే పట్టింది. నేను తిన్న మొదటి దెబ్బ తర్వాత నెల రోజుల పాటు మంచానికి తలుపు వైపు నిలబడితే తప్ప ఎవరికీ ఇంజెక్షన్ చేయలేకపోయాను. ఆ నెల రోజులు ఎవరో తెర మీద పెట్టారనిపించింది.

"ఈఆర్" పేరుతో వచ్చిన పాత సీరియల్ ఈ విషయంలో సగం బాగా చేసింది. 2000 ఫిబ్రవరిలో ఒక పేషెంటు ఇద్దరిని కత్తితో పొడుస్తాడు, మెడికల్ స్టూడెంట్ లూసీ చనిపోతుంది, బతికిన కార్టర్ నొప్పి మాత్రలకు అలవాటు పడి కుంగిపోవడం నెలల తరబడి చూపించారు. అది మెచ్చుకోవాల్సిందే. కానీ పొడిచినవాడికి స్కిజోఫ్రీనియా. నా సైకియాట్రీ వార్డు ఏళ్లను సాక్షిగా పెట్టి చెబుతున్నాను, నన్ను భయపెట్టినవాళ్లలో ఎక్కువమంది తాగి వచ్చినవాళ్లు, అహం దెబ్బతిన్నవాళ్లు. అమెరికా లెక్కల్లో సమాజంలో జరిగే హింసలో తీవ్ర మానసిక వ్యాధుల వాటా దాదాపు 4 శాతం. మిగతా అంతా "మామూలు" మనుషులదే. సీరియల్స్‌లో మాత్రం పిచ్చివాడు పొడుస్తాడు, మామూలువాడికి గుండె పగులుతుంది.

మీ అబ్బాయి సంగతి. పద్నాలుగేళ్ల పిల్లవాడికి వద్దంటే ఫోన్‌లో చూస్తాడు, అది మీకూ తెలుసు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1965లో పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. బొమ్మను కొట్టే మనిషి సినిమా చూపించారు. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. తర్వాత "వాడేం చేశాడో చేసి చూపిస్తే బహుమతి" అనగానే, అన్ని గుంపుల పిల్లలూ దాదాపు సమానంగా చేసి చూపించారు. అంటే శిక్ష చూపిస్తే చేయాలన్న కోరికకు కళ్లెం పడుతుంది గానీ, చూసింది మాత్రం బుర్రలోకి వెళుతుంది. వాళ్లు చిన్నపిల్లలు, అది రబ్బరు బొమ్మ, కాబట్టి దాన్ని మరీ సాగదీయను. మీ అబ్బాయి రేపు ఎవరి ఇంట్లోకీ కారు తోలడు. వాడు నేర్చుకోగలిగింది వేరే ఉంది: తెలివైనవాడికి కోపం అందం అని, వదిలేసి వెళ్లిన అమ్మాయి ఏదో చేసింది కాబట్టే వాడికలా అయిందని.

పక్కన కూర్చుని చూడండి. లెక్చర్ వద్దు. గోడ కూలిన చోట ఆపి, "ఇప్పుడు ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళతారంటావు?" అని మామూలుగా అడగండి. మా మేనల్లుణ్ణి ఇలాగే అడిగితే చాలాసేపు ఆలోచించి, "ఇల్లు మారాలేమో అత్తా, ఆయనకి అడ్రస్ తెలుసుగా" అన్నాడు. నేను ఏమీ కలపలేదు.

మీ వారు నవ్వారని ఆయన మీద అనుమానం పెట్టుకోకండి. ఆ సీన్‌ని నవ్వొచ్చేలాగే తీశారు, ఆ బ్రష్ అందుకోసమే. నవ్వాక ఆయన ఏం చేశారన్నది ముఖ్యం. మీరు కలత పడ్డారని తెలిశాక టీవీ కట్టేసి మీ మాట విన్నారా, లేక "అతి చేయకు" అన్నారా? అది మీకే తెలుసు. ఆయనకు పైన రాసిన అంకెలేవీ చెప్పక్కర్లేదు. "ఆ చప్పుడు నాకు ఫలానాది గుర్తు చేసింది" అని ఒక్క వాక్యం చెప్పి చూడండి. ఆ ఫలానాది ఏమిటో నేను అడగను, ఇక్కడ అందరి ముందూ రాయవద్దు కూడా. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం మీ బలహీనత అన్నట్టు రాశారు. నేను దాన్ని అలా చూడను. ఒకప్పుడు ఆ చప్పుడు తర్వాత ఏదో జరిగేది, మీ ఒళ్లు ముందే సిద్ధపడటం నేర్చుకుంది. నిద్ర పట్టకపోవడం మూడు నాలుగు వారాలు దాటినా, పగటిపూట కూడా ఆ దృశ్యాలు మీద పడుతున్నా ఒక సైకాలజిస్టును కలవండి. ఇలాంటి వాటికి ఇప్పుడు పద్ధతిగా చేసే చికిత్సలు ఉన్నాయి, ఏళ్ల తరబడి సోఫాలో పడుకోబెట్టరు. ఆ ఉలికిపాటు పాతది కాక ఇప్పటిదైతే, అంటే ఇప్పుడు మీరున్న ఇంట్లోని తలుపే అయితే, ఇంకా ముందుగా, మీరు నమ్మే మనిషి ఒకరికి చెప్పి మరీ వెళ్లండి.

ఎనిమిదో సీజన్ అన్నారు. మొత్తం 177 ఎపిసోడ్లలో చివరి 22 అవి, 2012 మేలో అయిపోయింది. విల్సన్ కోసం అయితే చూడండి, చివరి ఎపిసోడ్లు బాగుంటాయి, నేను రెండుసార్లు చూశాను. కడీ ఏమైందో తెలుస్తుందని మాత్రం చూడకండి. ఆమె మళ్లీ కనిపించదు.